ఇంగ్లీషు క్లాసులో బొమ్మల నోట్స్: 9వ తరగతితో మొదలుపెట్టాను, కొనసాగించాలా వద్దా?

పటమట టీచరమ్మ | జూలై 12, రాత్రి 9:20

అందరికీ నమస్కారం. విజయవాడలో ఒక ప్రభుత్వ హైస్కూల్లో ఇంగ్లీషు చెబుతున్నాను. పదహారేళ్ల సర్వీసు. ఈ ఏడాది 9వ తరగతిలో ఒక పని మొదలుపెట్టాను. అది సరైన దారిలో ఉందో లేదో తేల్చుకోలేక ఇక్కడ అడుగుతున్నాను.

మా పిల్లలు నోట్స్ బాగా రాస్తారు. బోర్డు మీద ఉన్నది అక్షరం పొల్లు పోకుండా దించుకుంటారు. పుస్తకం మూయించి "ఇప్పుడు ఏం రాశావమ్మా?" అంటే మాత్రం తల దించుకుంటారు. చెయ్యి రాస్తూనే ఉంటుంది, చెవి పని చేయదు. ఇన్నేళ్లుగా ఇదే చూస్తున్నాను.

గత నెలాఖరున ప్రకాశం బ్యారేజీ మీద పన్నెండు చిన్న ఇంగ్లీషు వాక్యాలు నేనే రాసుకుని క్లాసుకు వెళ్లాను. పాత ఆనకట్ట 1855లో పూర్తయింది, 1952లో తెగింది, 1954లో కొత్తదానికి శంకుస్థాపన చేశారు, 1957లో బ్యారేజీ వచ్చింది. పొడవు 1,223 మీటర్లు. మొదటిసారి చదివినప్పుడు పెన్నులు కింద పెట్టి వినమన్నాను. రెండోసారి చదివినప్పుడు విన్నదాన్ని బొమ్మలుగా మాత్రమే గీయమన్నాను. మూడోసారి బొమ్మల పక్కన ఒక్కో మాట, అంకె రాయమన్నాను. బోర్డు మీద నేను ఏమీ రాయలేదు.

ఎప్పుడూ నోరు విప్పని ఒక అమ్మాయి ఉంది. తను గీసింది ఇంతే: ఒక అడ్డగీత, మధ్యలో తెగినట్టు ఖాళీ, ఆ ఖాళీలోంచి మూడు అలలు, పైన 1952. లేచి చెప్పమంటే ఆ కాగితం చూస్తూ "అనికట్ బ్రోక్. వాటర్ కేమ్. ఆఫ్టర్ ఫైవ్ ఇయర్స్, న్యూ బ్యారేజ్" అంది. "ఐదేళ్ల తర్వాత" అన్నది నా వాక్యాల్లో లేదు. 1957లోంచి 1952 తనే తీసేసుకుంది. నాకు ఒళ్లు జలదరించింది.

ఇక ఇబ్బందులు. తనిఖీకి వచ్చిన ఒక అధికారి పుస్తకాలు తిరగేసి "ఇది ఇంగ్లీషు పీరియడా, డ్రాయింగ్ పీరియడా?" అన్నారు. ఇద్దరు ముగ్గురు తల్లిదండ్రులు కూడా వచ్చి అడిగారు. వాళ్ల మాట పూర్తిగా తోసిపుచ్చలేను. కొందరు పిల్లలు నిజంగానే నీళ్లకు నీలం రంగు వేస్తూ ఇరవై నిమిషాలు కూర్చుంటున్నారు. మీలో ఎవరైనా ఇలా చేసి ఉంటే దయచేసి చెప్పండి.

(అనికట్ అనే ఇంగ్లీషు మాట తమిళ అణైకట్టు నుంచి వెళ్లింది, మన ఆనకట్టకు తోబుట్టువు. ఇది చెప్పగానే పిల్లల ముఖాలు వెలిగిపోయాయి.)

---

అరండల్‌పేట రిటైర్డ్ హెచ్ఎం | జూలై 12, రాత్రి 10:05

అమ్మా, మీ తపన అర్థమవుతోంది. ముప్పై నాలుగేళ్లు పిల్లల మధ్య ఉన్నవాడిగా నా భయం చెబుతాను. పదో తరగతి పబ్లిక్‌లో ఇంగ్లీషు వంద మార్కుల పేపరు. పిల్ల వాక్యం రాయాలి. బొమ్మకు ఎవరూ మార్కు వేయరు. మన ప్రభుత్వ బడి పిల్లలకు ఇంట్లో ఇంగ్లీషు వినబడదు, రాయడానికి మీ నలభై ఐదు నిమిషాలు తప్ప ఇంకో చోటు లేదు. అందులో పావుగంట బొమ్మకు పోతే ఆ పావుగంట ఎక్కడి నుంచి తెస్తారు?

ఆ అమ్మాయి "అనికట్ బ్రోక్" అంది, సంతోషమే. "ది అనికట్ వాజ్ బ్రీచ్డ్ ఇన్ 1952" అని ఎప్పుడు రాస్తుంది? అది చెప్పండి.

---

కొత్తపేట డ్రాయింగ్ మాస్టారు | జూలై 13, ఉదయం 6:40

హెచ్ఎం గారికి నమస్కారం. టీచరమ్మ గారూ, "డ్రాయింగ్ పీరియడా" అనే మాట మమ్మల్ని కూడా బాధపెడుతుందండి, ఆ పీరియడ్‌లో ఏమీ నేర్చుకోరన్నట్టు. సరే, నాకు తెలిసిన పని గురించి రాస్తాను.

మీ పిల్లలు చేస్తున్నది చిత్రలేఖనం కాదు. దీనికి స్కెచ్‌నోట్ అనే పేరు పెట్టింది మైక్ రోడీ అనే అమెరికా డిజైనర్. ఆయన మీటింగుల్లో చెప్పినదంతా పెద్ద పుస్తకంలో పెన్సిల్‌తో రాసి రాసి విసిగిపోయి, జేబులో పట్టే చిన్న పుస్తకం, చెరపడానికి వీల్లేని పెన్ను పట్టుకున్నాడు. చోటు తక్కువ, చెరిపే వీలు లేదు. కాబట్టి ఏది వదిలేయాలో ఆలోచించక తప్పదు. కిటుకంతా అక్కడే ఉంది. మీరు పిల్లల చేతికి రంగులిచ్చి పూర్తి పేజీ ఇస్తే ఆ ఒత్తిడి పోతుంది. ఏ4 కాగితం నాలుగు ముక్కలు చేసి ఒక ముక్క ఇవ్వండి. నీలం బాల్‌పెన్ ఒక్కటే. రబ్బరు వద్దు.

గీయడం రాదనే పిల్లలకు ఐదు చాలు: చుక్క, గీత, చతురస్రం, త్రిభుజం, సున్నా. ఇల్లు, బస్సు, మనిషి, నది, పుస్తకం, గడియారం అన్నీ వీటిలోంచే వస్తాయి. మొదటి వారం రోజూ ఐదు నిమిషాలు వీటితో ఇరవై గుర్తులు అలవాటు చేయించండి. అందరూ ఒకే గుర్తు వాడనక్కర్లేదు. మనిషికి తల సున్నా, ఒళ్లు ఒక గీత, అంతే. కళ్లు, ముక్కు, చొక్కా గుండీలు పెట్టడం మొదలైతే వాళ్లు పాఠం వినడం ఆగిపోయిందని అర్థం.

బాణం గుర్తు మీద మాత్రం ఎక్కువ సమయం పెట్టండి. మామూలు బాణం "తర్వాత", రెండు గీతల బాణం "అందువల్ల", రెండు వైపులా మొన ఉంటే "ఒకదానికొకటి", బాణం మీద అడ్డగీత ఉంటే "అయినా జరగలేదు". మీ ఇంగ్లీషులో దెన్, సో, బికాజ్, బట్ ఉన్నాయి కదా, పిల్లలు వదిలేసేవి అవే.

ఇంకొకటి చెప్పకుండా ఉండలేను. కథను బొమ్మలో కుదించే విద్య ఈ గడ్డకు కొత్త కాదు. అమరావతి స్తూపం చుట్టూ ఉండే రాతి కంచె మీద చెక్కిన నాళగిరి (బుద్ధుడి మీదికి వదిలిన మదపుటేనుగు) ఫలకం ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉంది, రెండో శతాబ్దంనాటిది. ఒకటే వృత్తం. ఒక పక్క ఏనుగు వీధిలో మనుషుల్ని తొక్కుతూ వస్తుంది, అదే ఏనుగు ఇంకో పక్క బుద్ధుడి పాదాల దగ్గర మోకరిల్లి ఉంటుంది. ముందు, తర్వాత రెండూ ఒకే చట్రంలో ఉన్నాయి. మధ్యలో గీత కూడా లేదు, చూసేవాడికి కథ అందుతుంది. నేను ఏటా ఎనిమిదో తరగతికి ఆ ఫొటో చూపించి "ఏనుగులు ఎన్ని?" అని అడుగుతాను. మొదట రెండంటారు. కాసేపాగి ఒకటే అంటారు. ఆ "కాసేపు" కోసమే చూపిస్తాను.

---

మిర్చి యార్డ్ నాన్న | జూలై 13, మధ్యాహ్నం 2:15

నేను టీచర్ని కాదు. గుంటూరు యార్డులో ఒక కమిషన్ కొట్టులో గుమాస్తాని. మా వాడు ఎనిమిది చదువుతున్నాడు, ప్రైవేటు స్కూలు. వాళ్ల స్కూల్లో కూడా ఈ బొమ్మల నోట్స్ అన్నారు. రెండు వందల రూపాయల స్కెచ్ పెన్నుల సెట్ కొనమన్నారు. మా వాడు ఒక్కో పేజీకి రెండు గంటలు కూర్చుంటున్నాడు. ఫ్రేములు, పువ్వులు, హెడ్డింగ్‌కు నీడలు. అందులో ఇంగ్లీషు మాటలు లెక్కపెడితే పదకొండు ఉన్నాయి. వాళ్లమ్మ అడిగితే ఆ పదకొండుకీ అర్థం చెప్పలేకపోయాడు. నాకు చాలా బాధేసింది, వాడి మీద కోపంతో కాదు. వాడు కష్టపడ్డాడు. ఆ కష్టం వేరే చోటికి పోయింది.

ఇంకో సంగతి. ఒక సంస్థ వాళ్లు స్కూలుకి వచ్చి టెస్ట్ పెట్టి "మీ అబ్బాయి విజువల్ లెర్నర్, వాడికి బొమ్మలతోనే చెప్పాలి" అని సర్టిఫికెట్ ఇచ్చారు. దానికి వేరే ఫీజు. ఇది నిజమేనా? తెలిసినవాళ్లు చెప్పండి.

---

గుణదల ఇంటర్ లెక్చరర్ | జూలై 13, రాత్రి 8:50

నాన్నగారూ, ఆ సర్టిఫికెట్‌ను పక్కన పెట్టేయండి. "ఈ పిల్లాడు చూసి నేర్చుకునే రకం, ఆ పిల్లాడు విని నేర్చుకునే రకం" అని విడగొట్టి, ఆ రకానికి తగ్గట్టు చెబితే బాగా వస్తుందనడానికి సరైన రుజువులు లేవని హెరాల్డ్ పాష్లర్, ఇంకొందరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 2008లోనే పరిశోధనలన్నీ వడపోసి తేల్చారు. మీ అబ్బాయిలో లోపం లేదు, ప్రత్యేక రకమూ లేదు.

కానీ "విజువల్ లెర్నర్" అనేది నిలబడనంత మాత్రాన బొమ్మ గీయడం పనికిరాదని కాదు. ఈ రెండింటినీ కలిపేయడం వల్లే గందరగోళం వస్తోంది. బొమ్మ గీయడం ఫలానా పిల్లలకే కాదు, దాదాపు అందరి జ్ఞాపకానికీ సాయపడుతుంది. అలన్ పైవియో అనే కెనడా శాస్త్రవేత్త 1971లో చెప్పిన సిద్ధాంతం ప్రకారం మాటకు ఒక దారి, చిత్రానికి ఒక దారి మన మనసులో వేర్వేరుగా ఉంటాయి. ఒక విషయం రెండు దారుల్లోనూ నాటుకుంటే ఒకటి మూసుకుపోయినా ఇంకోదానిలోంచి తీసుకోవచ్చు.

2016లో వాటర్లూ యూనివర్సిటీ వాళ్లు (వామ్స్, మీడ్, ఫెర్నాండెస్) చేసిన ప్రయోగాలు దీన్ని ఇంకాస్త ముందుకు తీసుకెళ్లాయి. మాటలు ఇచ్చి, కొన్నింటిని బొమ్మ గీయమన్నారు, కొన్నింటిని అదే పనిగా రాయమన్నారు. తర్వాత అడిగితే గీసిన మాటలు చాలా ఎక్కువగా గుర్తున్నాయి. మాటకు 40 సెకన్లు ఇచ్చినా అంతే, 4 సెకన్లే ఇచ్చినా అంతే. గీసే నైపుణ్యం లేనివాళ్లకూ ఆ లాభం దక్కింది. అంటే జ్ఞాపకానికి కొన్ని సెకన్ల గీత కూడా సాయపడుతుంది, మీ అబ్బాయి పెట్టినట్టు రెండు గంటలు అక్కర్లేదన్నమాట. మిగతాదంతా అలంకారం. అలంకారం ఊరికే వృథా పోయినా ఫరవాలేదు, చెడుపు కూడా చేస్తుంది. హార్ప్, మేయర్ అనే ఇద్దరు 1998లో మెరుపు ఎలా పుడుతుందనే పాఠానికి ఆకర్షణీయమైన అదనపు విషయాలు, బొమ్మలు జోడించి చూశారు. అవి చదివినవాళ్లకు అసలు విషయం తక్కువగా గుర్తుంది.

ఒక హెచ్చరిక. వాటర్లూ వాళ్లు పరీక్షించింది విడి మాటల జ్ఞాపకాన్ని, అదీ ఇంగ్లీషు వచ్చిన కాలేజీ విద్యార్థుల్లో. మన 9వ తరగతి పిల్ల ఇంగ్లీషు వాక్యం కట్టడం దానితో వచ్చేస్తుందని ఆ ప్రయోగం చెప్పలేదు. మాట గుర్తుంచుకోవడానికి బొమ్మ పనికొస్తుంది, వాక్యం మాత్రం విడిగా నేర్పాల్సిందే. హెచ్ఎం గారి ప్రశ్న సరైన చోటే తగిలింది.

---

మిర్చి యార్డ్ నాన్న | జూలై 13, రాత్రి 9:30

చాలా థాంక్స్ సార్. మనసు తేలికైంది. రేపటి నుంచి స్కెచ్ పెన్నులు బీరువాలో పెడతాను.

కొట్టులో చిట్టా రాసేటప్పుడు మేమూ సరుకు పక్కన గుర్తులు పెట్టుకుంటాం. తడి ఉంటే చుక్క, తాలు కలిస్తే అడ్డగీత. ఎవరూ అందంగా పెట్టరు, అందరికీ తెలుస్తుంది. మా వాడికి ఇదే చూపిస్తాను.

---

నంబూరు థర్డ్ ఇయర్ | జూలై 13, రాత్రి 11:48

ఇంజినీరింగ్ చదువుతున్నాను, పదో తరగతి దాకా తెలుగు మీడియం. నేను ఎవరూ చెప్పకుండానే బొమ్మల్లో పడ్డాను, అందుకే రాయాలనిపించింది.

ఫస్ట్ ఇయర్‌లో క్లాసులో లెక్చరర్ ఇంగ్లీషు నాకు సగమే అందేది. రాసుకుంటూ కూర్చుంటే ఆ సగం కూడా పోయేది. అందుకని డబ్బాలు, బాణాలు గీసుకుని రాత్రి హాస్టల్లో మాటలు నింపేవాడిని. నాకు అన్నిటికన్నా బాగా ఉపయోగపడింది మాత్రం గ్రామర్‌లో.

మనం "రెండేళ్ల నుంచి" అంటాం, "2015 నుంచి" అని కూడా అంటాం. రెండింటికీ ఒకటే "నుంచి". అందుకే నేను "సిన్స్ టూ ఇయర్స్" అనేవాడిని. ఒక సీనియర్ అక్క కాగితం మీద అడ్డంగా కాలం గీత గీసి, 2015 దగ్గర చుక్క పెట్టి "ఇది సిన్స్" అంది. ఆ చుక్క నుంచి ఇవాళ్టి దాకా మందంగా దిద్ది "ఈ పట్టీ ఫర్" అంది. చుక్క అయితే సిన్స్, పట్టీ అయితే ఫర్. ఆ రోజు తర్వాత నేను ఆ తప్పు చేయలేదు. అంతకుముందు రూలు పది సార్లు చదివాను.

అలాగే "నేను గుంటూరులో ఉంటున్నాను" కాబట్టి "ఐ యామ్ లివింగ్ సిన్స్ 2015" వచ్చేసేది. "హావ్ లివ్డ్" ఎందుకో తెలిసేది కాదు. గీతలో ఒక కొస నిన్నలో, ఇంకో కొస ఇవాళ్టిలో ఉంది, రెండు కొసలనీ పట్టుకునేదే "హావ్ లివ్డ్" అని చూశాక కుదిరింది.

ఇన్, ఆన్, ఎట్ కూడా అంతే. మనకు విజయవాడలో, బస్టాండులో, డబ్బాలో అన్నింటికీ "లో" సరిపోతుంది. డబ్బా గీసి లోపల చుక్క పెడితే ఇన్. గీత మీద చుక్క కూర్చుంటే ఆన్. మ్యాపులో పిన్ను గుచ్చినట్టుంటే ఎట్. "ఆన్ ది బస్" మాత్రం ఈ బొమ్మకు లొంగలేదు, దాన్ని బట్టీ పట్టాను.

---

తెనాలి ట్యూషన్ అక్క | జూలై 14, ఉదయం 10:10

మా ఇంట్లో పది మంది పిల్లలకు ట్యూషన్ చెబుతాను. ఒకటే అడగాలని ఉంది. బొమ్మ పక్కన మాట తెలుగులో రాయనివ్వాలా, ఇంగ్లీషులోనే రాయమనాలా?

---

అరండల్‌పేట రిటైర్డ్ హెచ్ఎం | జూలై 14, ఉదయం 11:00

ఇంగ్లీషులోనే. తెలుగు రాయడానికి వదిలితే పిల్లవాడు ఎప్పటికీ తెలుగులో ఆలోచించి అనువాదం చేసుకుంటూనే ఉంటాడు.

---

నంబూరు థర్డ్ ఇయర్ | జూలై 14, మధ్యాహ్నం 1:05

పెద్దవారు, ఎదురు చెప్పడం కాదు సార్. "తెలుగు రాయకూడదు" అన్న రోజుల్లో నేను ఏమీ రాయలేదు. మాట అందలేదు కాబట్టి ఖాళీ వదిలేసేవాడిని. ఆ ఖాళీ ఏమిటో రాత్రికి నాకే గుర్తుండేది కాదు. తెలుగులో ఒక మాట ఉంటే కనీసం డిక్షనరీలో ఏం వెతకాలో తెలిసేది.

---

పటమట టీచరమ్మ | జూలై 14, రాత్రి 9:15

ఇద్దరిదీ నిజమే అనిపిస్తోంది. నేను చూసింది చెబుతాను. బ్యారేజీ పాఠంలో ఇంగ్లీషు మాటే రాయాలని పట్టుబట్టిన సెక్షన్‌లో పిల్లలు తమకు వచ్చిన మాటల బొమ్మలే గీశారు: రివర్, వాటర్, బ్రిడ్జ్. శంకుస్థాపనను ఎవరూ గీయలేదు, ఎందుకంటే ఆ మాట ఇంగ్లీషులో రాయలేరు. అంటే స్పెల్లింగ్ భయం వాళ్ల వినికిడినే కత్తిరించేసింది. రెండో సెక్షన్‌లో తెలుగు ఒప్పుకున్నాను. అక్కడ ఒక అబ్బాయి రాయి బొమ్మ గీసి "శంకుస్థాపన" అని రాసి, "మేడమ్, దీన్ని ఏమంటారు?" అని లేచి అడిగాడు. "లేయింగ్ ది ఫౌండేషన్ స్టోన్" అని చెప్పాను. అడిగి తెచ్చుకున్న మాట కదా, వాడు మర్చిపోడు.

అందుకని ఇలా అనుకుంటున్నాను. వింటున్నప్పుడు ఏ భాషైనా సరే. పుస్తకం మూసేలోపు ప్రతి తెలుగు మాట కింద ఇంగ్లీషు మాట రావాలి, పక్కవాణ్ణి అడిగినా, నన్ను అడిగినా, డిక్షనరీ చూసినా సరే. ఎలాగూ మన పాఠ్యపుస్తకాలే ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషుగా వస్తున్నాయి. అదే పద్ధతిని పిల్ల చేతిలో పెట్టడమే కదా ఇది.

---

బెంజ్ సర్కిల్ ట్రైనర్ | జూలై 14, రాత్రి 10:30

ఐఈఎల్‌టీఎస్ (విదేశాలకు వెళ్లేవాళ్లు రాసే ఇంగ్లీషు పరీక్ష) కోచింగ్ ఇస్తాను. నా దగ్గరికి వచ్చేవాళ్లు పెద్దవాళ్లు, కానీ వాళ్ల ఇబ్బంది మీ పిల్లలదే. లిజనింగ్‌లో ఆడియో ఒక్కసారే వినిపిస్తారు, 40 ప్రశ్నలు. మన వాళ్లు వాక్యం మొత్తం పట్టుకోవాలని చూసి మొదటి వాక్యం రాస్తుండగానే మూడోది పోగొట్టుకుంటారు. అలాంటివాళ్లకు మొదటి రెండు వారాలు ప్రశ్నలు లేకుండా వినిపించి, గుర్తులతో మాత్రమే పట్టుకోమంటాను. పెరిగితే పై బాణం, తగ్గితే కింది బాణం, డబ్బుకు రూపాయి గుర్తు, మనుషులకు పుల్ల బొమ్మ. ఇది చెవికి ఇచ్చే శిక్షణ మాత్రమే. అసలు పరీక్షలో జవాబు మాటల్లోనే రాయాలి, అక్కడ బొమ్మలకు టైమ్ ఉండదు. ఇది వాళ్లకు ముందే స్పష్టంగా చెబుతాను.

అకడమిక్ రైటింగ్‌లో మొదటి ప్రశ్న దీనికి పూర్తిగా తలకిందులు. గ్రాఫో పట్టికో పటమో ఇచ్చి కనీసం 150 మాటల్లో రాయమంటారు. ఇంటర్‌లో కూడా పై-చార్టు (గుండ్రటి గ్రాఫ్) ఇచ్చి పేరా రాయమంటారుగా. వినిన దాన్ని బొమ్మగా మార్చడం అలవాటైనవాళ్లు బొమ్మను వాక్యంగా మార్చడానికి అంత భయపడటం లేదు. హెచ్ఎం గారు అడిగిన "వాక్యం ఎప్పుడు రాస్తుంది" అన్నదానికి నా దగ్గర ఉన్న జవాబు ఇదే. బొమ్మ గీయించి వదిలేయకండి. మర్నాడు అదే బొమ్మ చూసి, పాఠం చూడకుండా, వాక్యాలు రాయించండి. ఒక రోజు మధ్యలో ఉండాలి. అదే రోజు రాయిస్తే చెవిలో మిగిలినదే రాసేస్తారు.

---

కానూరు స్పెషల్ టీచర్ | జూలై 15, సాయంత్రం 5:20

ఒక మాట గుర్తుచేయాలి. నేను పనిచేసే పిల్లల్లో చూపు బాగా తక్కువున్నవాళ్లు ఉన్నారు. "అందరూ గీయండి" అనగానే వాళ్లు చేతులు ముడుచుకుని కూర్చుంటారు. మీ క్లాసులో అలాంటివాళ్లుంటే మందపాటి మార్కర్, రూళ్లు లేని పెద్ద కాగితం ఇవ్వండి. అసలు కనబడని పిల్లలకు అట్ట మీద నూలు దారం ఫెవికాల్‌తో అంటించి కాలం గీత చేస్తాను, ఘటనకో గుండీ. వేలితో తడుముతూ "ఫస్ట్... దెన్... ఆఫ్టర్ దట్..." అని చెబుతారు. సిన్స్‌కు గుండీ, ఫర్‌కు దారం. పైన ఆ అబ్బాయి రాసిన చుక్క, పట్టీ దీనికి సరిగ్గా సరిపోయాయి, రేపే వాడతాను. ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియని మగపిల్లలు కూడా ఉంటారు కాబట్టి అర్థాన్ని ఒక్క రంగు మీదే ఆధారపడనివ్వకండి.

---

పటమట టీచరమ్మ | ఆగస్టు 6, రాత్రి 9:40

మూడు వారాల తర్వాత వస్తున్నాను. మీరు చెప్పినవి ఒక్కొక్కటే చేసి చూశాను.

డ్రాయింగ్ మాస్టారు చెప్పినట్టు ఏ4 నాలుగో వంతు ముక్క, ఒక్క పెన్ను, రబ్బరు లేదు. మొదటి రోజు క్లాసంతా గొడవ. "మేడమ్, తప్పు పోయింది, ఇంకో కాగితం ఇవ్వండి" అని. ఇవ్వలేదు. తప్పు బొమ్మ మీద అడ్డగీత పెట్టి పక్కన గీసుకోమన్నాను. నాలుగో రోజుకు ఎవరూ అడగలేదు. ఇరవై నిమిషాల పని ఆరు నిమిషాలకు వచ్చింది.

ట్రైనర్ గారు చెప్పిన మర్నాటి పని ఇప్పుడు మా నోట్‌బుక్ రూపమే మార్చేసింది. ఎడమ పేజీలో ఆ కాగితం ముక్క అంటించాలి. కుడి పేజీ మర్నాటి దాకా ఖాళీ. మర్నాడు ఎడమ పేజీ చూస్తూ ఐదు వాక్యాలు. దిద్దేది కుడి పేజీనే, ఎడమ పేజీలో నేను ఎర్ర ఇంకు పెట్టను.

కుదరనివి కూడా చెప్పాలి. పద్యం చెప్పిన రోజు ఇది పూర్తిగా దెబ్బతింది. పిల్లలు చంద్రుణ్ణీ చెట్టునూ గీశారు, ఆ పద్యంలో ఉన్న దిగులు ఎవరి కాగితంలోకీ రాలేదు. పద్యానికి మళ్లీ చదివించడమే, వినిపించడమే చేస్తున్నాను. "ఆల్‌దో", "అన్‌లెస్" లాంటి మాటలకు బాణం మీద అడ్డగీత కొంతవరకే సాయపడింది. "అన్‌లెస్"కు ఒక అమ్మాయి తాళం వేసిన గేటు గీసి, పక్కన తాళం చెవి గీసింది. ఆ అమ్మాయికి అర్థమైంది. మిగతావాళ్లు ఆ బొమ్మను దించుకున్నారు, వాళ్లకు అర్థం కాలేదు. పక్కవాడి బొమ్మ దించుకోవడం బోర్డు దించుకోవడం లాంటిదేనని నాకు ఆ రోజు తెలిసింది. ఇప్పుడు బొమ్మలు చూపించుకోవచ్చు, కానీ ఎవరిది వాళ్లే గీయాలి.

హెచ్ఎం గారూ, మీకోసం ఒక పేజీ చూసి రాస్తున్నాను. అదే అమ్మాయి, అదే బ్యారేజీ, మళ్లీ చేయించినప్పుడు కుడి పేజీలో: "ది ఓల్డ్ అనికట్ వాజ్ బిల్ట్ ఇన్ 1855. ఇట్ వాజ్ బ్రీచ్డ్ ఇన్ 1952. ది ఫౌండేషన్ స్టోన్ వాజ్ లెయిడ్ ఇన్ 1954. ది న్యూ బ్యారేజ్ వాజ్ కంప్లీట్ ఇన్ 1957." చివరి వాక్యంలో తప్పుంది, దిద్దాను. ఐదో వాక్యం తన సొంతం: "మై గ్రాండ్‌ఫాదర్ సా ది వాటర్." నేను వెళ్లి అడిగాను. వాళ్లది కృష్ణలంకట, తాతకు అప్పుడు ఏడేళ్లట.

---

అరండల్‌పేట రిటైర్డ్ హెచ్ఎం | ఆగస్టు 7, ఉదయం 6:15

చదివానమ్మా. కుడి పేజీ ఉంది కాబట్టి తనిఖీకి ఎవరొచ్చినా ముందు అదే తెరిచి చూపించండి, తర్వాత ఎడమ పేజీ. ఫార్మేటివ్ మార్కులకు రాత పని కింద కుడి పేజీలు లెక్కలోకి వస్తాయి. పద్యం విషయంలో మీరు చేసింది సరైనదే.

ఆ పిల్ల తాతగారు ఉంటే క్లాసుకు పిలవండి. ఆయన తెలుగులో చెబుతారు, పిల్లలు గీస్తారు, మర్నాడు ఇంగ్లీషులో రాస్తారు.

---

పటమట టీచరమ్మ | ఆగస్టు 7, రాత్రి 8:55

ఉన్నారు సార్. వచ్చే శనివారం వస్తామన్నారు. కాగితాలు కోసి పెట్టాను.